ఒక్క బస్సు, సగం అప్పు: జి.డి. నాయుడు ఇంజిన్ చదువు

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే చలికాలం సీజన్‌లో కొత్త ట్యాక్సీలు చాలానే కనిపిస్తాయి. పసుపు నంబరు ప్లేటు ఇంకా మెరుస్తుంటుంది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీసి ఉండరు. లోపల ఏడుగురు, పైన క్యారియర్ మీద లగేజీ, ఏసీ ఫుల్లు, యాక్సిలరేటర్ అడుగు దాకా. మీటరు చూస్తే మూడొందల కిలోమీటర్లు కూడా దాటి ఉండదు.

ఆ స్టీరింగ్ వెనక ఉన్నది మీ క్లాస్‌మేట్ కావచ్చు. రేపు మీరే కావచ్చు. పాడేరు, అరకు, అనంతగిరి వైపు డిగ్రీ పూర్తిచేసి, నోటిఫికేషన్ కోసం చూసి చూసి, ఇంట్లో బంగారం కుదువపెట్టి డౌన్‌పేమెంట్ కట్టి బండి తీసుకున్నవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. వాళ్లకు ఆ కారే ఉద్యోగం, అదే జీతం. ఇంజిన్ పట్టేసిందంటే సంపాదన ఆగిపోతుంది, నెలవారీ వాయిదా మాత్రం ఆగదు.

వందేళ్ల కిందట ఇంచుమించు ఇదే పరిస్థితిలో ఒక తెలుగాయన ఉన్నారు. చేతిలో ఒక్కటే బస్సు, దాని ఖరీదులో సగం అప్పు. డ్రైవరూ ఆయనే. పదమూడేళ్లలో ఆ ఒక్క బస్సు రెండు వందలు దాటింది. పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. జి.డి. నాయుడు అంటే కోయంబత్తూరులో చిన్నపిల్లలకూ తెలుసు. మన దగ్గర మాత్రం పోటీ పరీక్షల బిట్లలో తప్ప పెద్దగా వినిపించదు. భారతదేశపు ఎడిసన్ అనే బిరుదు పక్కన ఆయన పేరుకు టిక్ పెట్టి వదిలేస్తాం. ఇంజిన్లతో బతకాలనుకునేవాళ్లు అంతకన్నా కాస్త ఎక్కువ తెలుసుకోవాలి.

రడ్జ్ మోటార్‌సైకిల్

నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో పుట్టారు. తరతరాల కిందట అక్కడ స్థిరపడ్డ, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రైతు కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోయారు. బడికి వెళ్లడం ఆయనకు నచ్చలేదు, ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగిపోయింది. పొలం పని చేశారు.

యువకుడిగా ఉన్నప్పుడు ఒక బ్రిటిష్ అధికారి దగ్గర రడ్జ్ కంపెనీ మోటార్‌సైకిల్ చూశారు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా తనంతట తనే కదులుతున్న బండిని పల్లెటూరి కుర్రాడు చూడటం అదే మొదలు. దాన్ని కొనాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరి, దాదాపు మూడేళ్లు పైసా పైసా కూడబెట్టి, మూడు వందల రూపాయలకు ఆ బండిని కొన్నారని ఆయన జీవితకథల్లో ఉంటుంది. తర్వాత దాన్ని నట్టు నట్టూ విప్పి, మళ్లీ బిగించారు. మెకానిక్ అయ్యింది అలా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, అది ఎలాంటి బండో చూద్దాం. 1912 ప్రాంతపు మోటార్‌సైకిళ్లలో ఇంజిన్ ఆయిల్ ఇప్పటిలా లోపల గుండ్రంగా తిరుగుతూ ఉండేది కాదు. ఆయిల్‌కు వేరే ట్యాంకు, దానికో చేతి పంపు. నడిపేవాడే కొన్ని మైళ్లకోసారి పంపు నొక్కి ఇంజిన్‌లోకి ఆయిల్ పంపాలి. వాడిన ఆయిల్ కొంత మండిపోయేది, కొంత రోడ్డు మీద కారిపోయేది, తిరిగి వచ్చేది లేదు. తక్కువ నొక్కితే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువ నొక్కితే వెనక నీలం పొగ, స్పార్క్ ప్లగ్ మీద మసి. ఎక్కుడులో ఎక్కువ కావాలి, దిగుడులో తక్కువ చాలు. అంటే ఆ రోజుల్లో బండి తోలడమంటేనే ఆయిల్ ఖర్చు మీద కన్నేసి ఉంచడం. వెనక పొగ రంగు చూసుకోవాలి, ఇంజిన్ చప్పుడు వినాలి, చేయి పంపు దగ్గర సిద్ధంగా ఉండాలి. నాయుడికి ఇంజిన్‌తో తొలి పరిచయం ఈ రకం బండితో జరిగింది.

మన కార్లలో ఆ పంపు పనిని ఇంజినే చూసుకుంటుంది. సుఖమే. కాకపోతే బానెట్ ఎత్తి చూసే అలవాటు కూడా దాంతోపాటే పోయింది.

పత్తి ముంచింది, బస్సు తేల్చింది

మెకానిక్ పని నుంచి నాయుడు వ్యాపారంలోకి దిగారు. తిరుప్పూరులో పత్తి జిన్నింగ్ పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో డబ్బు బాగానే వచ్చింది. ఆ ఊపులో బొంబాయి వెళ్లి పెద్ద పత్తి వ్యాపారుల మధ్య దిగి, సంపాదించింది పోగొట్టుకున్నారు. ఆయన గురించి రాసేవాళ్లు ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నన్నడిగితే ఇది ముఖ్యమైన ఘట్టం. పత్తి ధర ఎందుకు పెరుగుతుందో, ఎందుకు పడుతుందో ఆయన చేతిలో లేదు. విప్పి చూడటానికి అందులో నట్టూ లేదు, బోల్టూ లేదు. తిరిగి వచ్చాక తను విప్పి బిగించగలిగిన వస్తువు వైపే మళ్లారు.

కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే బ్రిటిష్ పారిశ్రామికవేత్త ఉండేవారు. బస్సు ఖరీదు ఎనిమిది వేలైతే, అందులో నాలుగు వేలు ఆయన అప్పుగా ఇచ్చారు. 1920లో పొల్లాచ్చి నుంచి పళని దాకా బస్సు మొదలైంది. సుమారు అరవై కిలోమీటర్ల దారి. పళని సుబ్రహ్మణ్యస్వామి కొండ కాబట్టి యాత్రికులకు కొదవ లేదు. తోలేది నాయుడే.

ఆ ఒక్క ఇంజిన్ మీద ఎంత బరువు ఉందో ఊహించండి. 1920ల ఇంజిన్ ఇప్పటి ఇంజిన్ కాదు. బేరింగులు తెల్లలోహం కరిగించి పోసి, చేత్తో గీకి సరిచేసినవి. ఆయిల్‌లో ఇప్పటిలా మసిని కడిగే రసాయనాలు లేవు. తరచూ హెడ్ విప్పి మసి గీకాలి, రింగులు మార్చాలి, బోరు చేయించాలి. బోరు చేయించిన ప్రతిసారీ ఇంజిన్ మళ్లీ కొత్తదే, మళ్లీ మొదటి నుంచి మెల్లగా అలవాటు చెయ్యాలి. మన మెకానిక్‌లు ఇప్పటికీ రన్నింగ్ ఇన్ అనేది దీన్నే. ఇంగ్లండులో అయితే కొత్త కారు వెనక అద్దానికి, రన్నింగ్ ఇన్‌లో ఉంది, దయచేసి దాటి వెళ్లండి అని కాగితం అంటించుకునేవారు. హారన్ కొట్టి విసిగించొద్దని వెనక వచ్చేవాళ్లకు ముందే చెప్పుకోవడం. ఘాట్ రోడ్డులో మనకూ అలాంటిదొకటి ఉంటే బాగుండు.

లోపల జరిగేది ఇదీ

మెకానికల్ బ్రాంచ్‌వాళ్లు కాకపోయినా ఇది తెలుసుకోవడం కష్టమేం కాదు. సిలిండర్ గోడ చూడటానికి అద్దంలా ఉన్నా, దాని మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు గీసి ఉంటాయి. ఫ్యాక్టరీలో కావాలనే గీస్తారు, ఆయిల్ ఆ గీతల్లో నిలవాలని. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు కొత్తలో ఆ గోడకు అంగుళం అంగుళం అతికినట్టు ఆనవు. ఇంధనం మండినప్పుడు పుట్టే ఒత్తిడి రింగును గోడకేసి నొక్కుతుంది. గీతల మొనలు కొంచెం, రింగు అంచు కొంచెం అరిగి, ఒకదానికొకటి సరిపోతాయి. సరిగ్గా కుదిరితే గ్యాస్ కిందికి జారదు, ఆయిల్ పైకి ఎక్కదు. ఈ పని ఎక్కువ భాగం మొదటి వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లలోనే అయిపోతుంది.

ఇందులో రెండు వైపులా ప్రమాదం ఉంది. కొత్త ఇంజిన్‌ని నిండు లోడుతో, ఫుల్ యాక్సిలరేటర్‌తో కొండెక్కిస్తే వేడి పెరిగి, ఆయిల్ పొర తెగి, లోహం లోహాన్ని గీరుతుంది. అలాగని భయంతో గంటలకొద్దీ ఐడిల్‌లో పెట్టినా, మరీ మెత్తగా తోలినా రింగులకు ఒత్తిడి చాలదు. గోడ మీద జిగురులాంటి నున్నటి పూత పడుతుంది. తర్వాత రింగులు కుదరమన్నా కుదరవు. మొదటి తప్పు అందరికీ తెలుసు. రెండోది చాలామందికి తెలియదు, కొత్త కారు కదా అని ఇంటి ముందు రోజూ పావుగంట స్టార్ట్ చేసి వదిలేసేవాళ్లను చూడండి.

కాబట్టి మొదటి వెయ్యి కిలోమీటర్లు వేగాన్ని మారుస్తూ తోలాలి. హైవే మీద ఒకే స్పీడులో గంటసేపు పట్టుకుని కూర్చోకూడదు. ఘాట్‌కే వెళ్లాల్సి వస్తే నలుగురికి మించకుండా ఎక్కించుకుని, పై గేరులో ఇంజిన్ మూలుగుతుంటే సాగదీయకుండా, ముందే కింది గేరుకు రావాలి. అనంతగిరి వైపు మలుపుల్లో మూడో గేరులో గుడగుడలాడిస్తూ ఎక్కించడం మైలేజీ కోసమే కావచ్చు, కొత్త ఇంజిన్‌కు మాత్రం అది శిక్ష. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, తెల్లవారుజామున అరకు చలిలో మరీను, మొదటి నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వాలి. మీ బండి మాన్యువల్‌లో ఎంత వేగం, ఎన్ని ఆర్పీఎం అని రాసి ఉంటే అదే ఆఖరి మాట.

ఆయిల్ తాగుతోందా అన్నది మరో ప్రశ్న. కొత్త ఇంజిన్ కొద్దిగా తాగుతుంది. రింగులు కుదిరేకొద్దీ తగ్గాలి. తగ్గుతోందో లేదో తెలియాలంటే లెక్క రాయాలి, ఊహతో కుదరదు. చదునైన చోటు ఒకటి ఎంచుకోండి, ఎప్పుడూ అక్కడే చూడండి. కొండవాలు మీద డిప్‌స్టిక్ అబద్ధం చెబుతుంది. ఉదయం స్టార్ట్ చేయకముందు చూస్తే ఆయిలంతా కిందికి దిగి ఉంటుంది. చల్లటి ఇంజిన్‌లో చూడాలా, వేడెక్కాక ఆపి చూడాలా అన్నది మాన్యువల్ చెబుతుంది, ఏదైనా ప్రతిసారీ అదే పద్ధతి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. మీటరు రీడింగు, ఆయిల్ ఎక్కడుంది, ఎంత పోశారు అని మూడు గడులు పుస్తకంలో చాలు.

ఉదాహరణకు 1,200 కిలోమీటర్ల దగ్గర పై గీత దాకా ఉంది. 2,700 దగ్గర మళ్లీ అదే గీతకు రావడానికి కొలిచి పోస్తే 300 మిల్లీలీటర్లు పట్టింది. అంటే వెయ్యి కిలోమీటర్లకు 200. అది ఎక్కువా తక్కువా అన్నది ఒక్కసారితో తేలదు. తర్వాతి వెయ్యికి 120కి దిగితే నిశ్చింత. 350కి ఎక్కితే సర్వీస్ సెంటరుకు ఆ పుస్తకం పట్టుకుని వెళ్లండి. కొన్ని కంపెనీల మాన్యువళ్లు వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు, లీటరు దాకా కూడా మామూలే అంటాయి కాబట్టి, ఎక్కువ తాగుతోందండీ అని నోటిమాటగా చెబితే కౌంటర్‌లో ఎవరూ పట్టించుకోరు. అంకెలు చూపిస్తే వాళ్లు నింపి, సీలు వేసి, ఇంత దూరం తిరిగి రమ్మని పరీక్ష పెట్టక తప్పదు. వారంటీలో ఉండగానే అది జరగాలి.

ఘాట్‌వాళ్లు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. పెట్రోల్ బండిని గాలికొండ నుంచి కింది గేరులో దింపుకుంటూ వస్తే సిలిండర్లలో పీల్పు పెరిగి, అరిగిన రింగుల సందుల్లోంచి, వాల్వుల పక్కనుంచి ఆయిల్ పైకి చేరుతుంది. కింద చదునులోకి వచ్చి యాక్సిలరేటర్ తొక్కగానే భుస్సుమని నీలం పొగ. ఆ పొగ కనిపించిందంటే ఆయిల్ మండుతున్నట్టే. నల్ల పొగ ఇంధనం ఎక్కువైనందుకు. చలి ఉదయం కాసేపు కనిపించే తెల్లటి ఆవిరికి భయపడనక్కర్లేదు, ఇంజిన్ వేడెక్కాక కూడా వస్తుంటే రేడియేటర్ నీళ్లు చూసుకోవాలి. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపాన్ని నమ్ముకుని ఉండకండి. అది ఆయిల్ ఒత్తిడి పడిపోయినప్పుడు వెలిగే దీపం, పరిమాణం తగ్గుతోందని ముందుగా చెప్పేది కాదు. అది వెలిగాక బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపడం తప్ప చేసేదేం లేదు.

రెండు వందల బస్సుల తర్వాత

పొల్లాచ్చి బస్సు దగ్గరికి వద్దాం. తనే తోలి, తనే బాగు చేసుకునే మనిషికి ఒక బస్సు చప్పుడు చెవికి తెలుస్తుంది. బస్సులు పెరిగేకొద్దీ యజమాని చెవి చాలదు, వర్క్‌షాపు కావాలి, పద్ధతి కావాలి. నాయుడి సంస్థ పేరు యూనివర్సల్ మోటార్ సర్వీస్, అందరూ యూఎంఎస్ అనేవారు. 1933 నాటికి దాని బస్సులు రెండు వందలు దాటాయి. దేశంలో బాగా నడిచే బస్సు సంస్థల్లో ఒకటిగా దానికి పేరు.

అక్కడితో ఆగి ఉంటే ఆయన ఒక పెద్ద బస్సు యజమానిగానే మిగిలేవారు. యంత్రాలను తనే తయారుచేయాలన్న పట్టుదల ఆగనివ్వలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి, కోయంబత్తూరు పీలమేడులోని న్యూ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో దేశంలోనే మొదటి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. ఆ బాలసుందరమే తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ పెట్టారు. ఈ రోజు మన పొలాల్లో తిరిగే పంపుసెట్లలో కోయంబత్తూరు పేరున్నవి ఎన్నో లెక్కపెడితే ఆ మోటారు విలువ తెలుస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే జాబితా చాలా పెద్దది. డ్రై సెల్స్‌తో నడిచే రసంత్ ఎలక్ట్రిక్ రేజర్, సన్నటి బ్లేడ్లు, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పళ్ల రసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం, చవక రేడియో. పత్తి, బొప్పాయి పంటల మీద ప్రయోగాలు. కెమెరా పిచ్చి కూడా ఉండేది. 1936లో లండన్‌లో ఐదో జార్జి రాజు అంత్యక్రియలను స్వయంగా ఫిల్ము తీసుకున్నారు.

ఇంజినీరింగ్ కాలేజీతో ఆయన అనుభవం మీకు ఎక్కువ పనికొస్తుంది. 1945లో ఆయన ఇచ్చిన విరాళంతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. ప్రాథమిక తరగతులతో చదువు ఆపేసిన మనిషి ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. నాలుగేళ్ల కోర్సు దండగ, రెండేళ్లు చాలు అన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేసి బయటికొచ్చేశారు. ఆ కాలేజీయే ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల, జీసీటీ. అవినాశి రోడ్డులో ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ హోప్స్ కాలేజ్ అనే పిలుస్తారు.

నాలుగేళ్లు చదివినవాణ్ణి కాబట్టి నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. థర్మోడైనమిక్స్, మెటీరియల్స్ లాంటివి చేతిపనితో రావు. రింగు ఎందుకు అరుగుతుందో, ఏ లోహం ఏ వేడికి ఏమవుతుందో సూత్రం తెలిసినవాడే కొత్త ఇంజిన్ డిజైన్ చేయగలడు. కానీ ఎనిమిది సెమిస్టర్లు రాసి, ఐసీ ఇంజిన్స్ పేపర్లో ఎనభై మార్కులు తెచ్చుకుని, డిప్‌స్టిక్ ఎక్కడుందో చూపించలేని పట్టభద్రులు మన బ్యాచ్‌ల్లో ఉన్నారు. వాళ్లను చూస్తే నాయుడు ఎక్కడ విసిగిపోయారో అర్థమవుతుంది. సర్వీస్ అడ్వైజర్, టెస్టింగ్ టెక్నీషియన్, ప్లాంట్ ట్రైనీ లాంటి ఉద్యోగాలకు వెళ్లినప్పుడు పాత ఇంజిన్ హెడ్ టేబుల్ మీద పెట్టి ఇదేమిటి అని అడిగితే, సమాధానం పుస్తకం పేజీ నంబరుగా కాకుండా వేలుతో చూపించేలా ఉండాలి.

1952లో ఆయన రెండు సీట్ల పెట్రోల్ కారు చేశారు. ధర రెండు వేల రూపాయలు. మామూలు మనిషి కొనగలిగే కారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, ఉత్పత్తి ఆగిపోయింది. మారుతి 800 రావడానికి అప్పటికి ఇంకా ముప్పై ఏళ్లకు పైనే ఉంది. బొంబాయి పత్తి బజారులో పోయిన డబ్బు తిరిగి వచ్చింది కానీ, ఈ కారు తిరిగి రాలేదు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది ఇదే.

నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరిట ఉన్న ట్రస్టు మ్యూజియం నడుపుతోంది, అవినాశి రోడ్డులోనే 2015లో జీడీ కార్ మ్యూజియం కూడా తెరిచారు. పంపులు, మోటార్లు, ఆటో విడిభాగాల కంపెనీలు ఆ ఊళ్లో వరుసగా ఉంటాయి కాబట్టి ఇంటర్వ్యూకో, అప్రెంటిస్‌షిప్‌కో మీలో కొందరు అటు వెళ్లాల్సి రావచ్చు. విశాఖ నుంచి రైలు ప్రయాణం పొడవే. తిరుగు టికెట్ ఒక పూట ఆలస్యంగా బుక్ చేసుకుంటే ఆ కార్లన్నీ తీరిగ్గా చూడొచ్చు, సెలవు రోజు ఏదో ముందే కనుక్కుని వెళ్లండి.